మీ ప్రశ్నకు జవాబు: ఫోను, లాప్‌టాప్ ఉండగా ట్యాబ్ ఎందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే వస్తువు గురించి ఉన్నాయి. నాలుగూ బెంగళూరు నుంచే వచ్చాయి. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది. మిగిలిన మూడింటికి కావలసిన సంగతులు చాలావరకు అందులోనే వచ్చేశాయి గనుక వాటికి అవసరమైనంత మేరకే రాశాను.

ప్రశ్న: మాది అనంతపురం. పద్దెనిమిదేళ్ళుగా బెంగళూరులోని విజయనగరలో ఉంటున్నాము. వైట్‌ఫీల్డ్ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. రోజూ పర్పుల్ లైన్ మెట్రోలో వెళ్ళి వస్తాను. నా దగ్గర 6.7 అంగుళాల ఫోను, కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల లాప్‌టాప్ ఉన్నాయి. పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు రెండు మూడు వందల దాకా దింపుకొని పెట్టుకున్నాను. ఫోనులో చదవలేక, లాప్‌టాప్‌లో చదవబుద్ధి కాక అవన్నీ అలాగే పడి ఉన్నాయి. 11 అంగుళాల ట్యాబ్ కొందామంటే మా ఆవిడ, "ఉన్న రెండు తెరలు చాలవా, మూడోది కూడానా?" అంటున్నది. నాకు 44 ఏళ్ళు. ఈమధ్యే చత్వారం అద్దాలు వచ్చాయి. ట్యాబ్ కొంటే డబ్బు దండగేనా?
(ఒక పాఠకుడు, విజయనగర)

జవాబు: మీరు కొనుక్కోవచ్చు. అయితే మీ ఇంట్లో వచ్చిన అభ్యంతరాన్ని తేలికగా తీసుకోకండి. చాలా ఇళ్ళ విషయంలో ఆమె మాటే నిజం. మీ విషయంలో కాకపోవడానికి కారణం ఆ రెండు మూడు వందల పీడీఎఫ్‌లు. అవే లేకపోతే నేను కూడా ఆమె పక్షమే వహించేవాణ్ణి.

ఈ ప్రశ్న ట్యాబ్‌తోపాటే పుట్టింది. 2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపిల్ కంపెనీ అధినేత స్టీవ్ జాబ్స్ మొదటి ఐప్యాడ్‌ను చూపిస్తూ, ఫోనుకూ లాప్‌టాప్‌కూ మధ్య మూడో వస్తువుకు చోటుందా అని తనే అడిగి, కొన్ని పనుల్లోనైనా అది ఆ రెండింటినీ మించితేనే దానికి బతుకుంటుందని తనే జవాబు చెప్పాడు. ఆయన లెక్కపెట్టిన పనులు ఏడు: వెబ్‌సైట్లు చూడడం, ఈమెయిల్, ఫొటోలు, వీడియోలు, సంగీతం, ఆటలు, ఈ-పుస్తకాలు. అప్పటి ఐఫోను తెర 3.5 అంగుళాలు, ఐప్యాడ్ తెర 9.7 అంగుళాలు అన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ జాబితాలో ఆ రోజున అతిశయోక్తి ఏమీ కనిపించదు. ఆ తరువాత జరిగిందేమిటంటే, ఫోను ఏటేటా పెరుగుతూ మీ చేతిలో ఉన్న 6.7 అంగుళాల దాకా వచ్చింది. వస్తూ వస్తూ ఆ ఏడు పనుల్లో ఆరింటిని ట్యాబ్ చేతిలోంచి లాక్కున్నది. సినిమా పెద్ద తెర మీద బాగుంటుందన్న మాట నిజమే గానీ, హాల్లో టీవీ ఉన్న ఇంటికి ఆ వాదన అంతగా అతకదు. 2014 చివరి నుంచి ప్రపంచమంతటా ట్యాబ్‌ల అమ్మకాలు తగ్గుముఖం పట్టడం, కరోనా కాలపు ఆన్‌లైన్ తరగతులతో మళ్ళీ ఊపందుకోవడం, ఇక ట్యాబ్‌లు చేయబోమని 2019లో ప్రకటించిన గూగుల్ 2023లో మళ్ళీ ఒకటి తీసుకురావడం చూస్తే, ఈ మధ్య చోటు ఎంత ఇరుకైనదో అర్థమవుతుంది.

ఏడింటిలో మిగిలిన ఆ ఒక్కటి పుట చదవడం. ఈ-పుస్తకం అని కాకుండా పుట అని ఎందుకు అంటున్నానంటే, అక్షరాలను మనకు కావలసినంత పెంచుకోగలిగిన ఈ-పుస్తకాన్ని ఫోనులోనూ హాయిగా చదువుకోవచ్చు. పంక్తులు తెర వెడల్పుకు తగ్గట్టు వాటంతటవే సర్దుకుంటాయి. స్కాన్ చేసిన పాత పుస్తకం అలా కాదు. అది అక్షరం కాదు, బొమ్మ. పెంచితే పుటంతా పెరుగుతుంది, పంక్తి చివర తెర దాటి పోతుంది. ప్రతి పంక్తికీ వేలితో కుడికీ ఎడమకూ లాగుతూ చదవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో మనకు దొరికే పాత తెలుగు పుస్తకాల్లో చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ అయినవి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రానికి ఇచ్చే ట్యూరింగ్ బహుమతిని 1994లో అందుకున్న రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి తలపెట్టిన, పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే మిలియన్ బుక్స్ ప్రయత్నంలో మన దేశపు భాగం అది. దానికి ఇక్కడ ప్రధాన కేంద్రంగా ఉన్నది మీ ఊరి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సే. అంత శ్రమపడి ఎక్కించిన పుస్తకాలను మనం దింపుకొని, మూడు పుటలు చదివి మూసేయడానికి బద్ధకం కన్నా పెద్ద కారణం తెర కొలత.

ఒక స్కేలు తీసుకొని చూడండి. డెమీ సైజు తెలుగు పుస్తకం పుట వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు, ఎత్తు 21.6 సెంటీమీటర్లు. మీ ఫోను తెర వెడల్పు 7 సెంటీమీటర్లు. అంటే పుట సగానికి సగం కుదించుకుపోతుంది. 12 పాయింట్లలో అచ్చయిన అక్షరం 6 పాయింట్లకు దిగుతుంది. 16:10 నిష్పత్తిలో చేసిన 11 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 14.8 సెంటీమీటర్లు, ఎత్తు 23.7 సెంటీమీటర్లు. డెమీ పుట అందులో ఉన్నది ఉన్నట్టుగా, ఇంకా కొంచెం అంచు మిగిలేట్టుగా కూర్చుంటుంది. ఆఫీసు కాగితాల ఏ4 పుట అయితే పదింట ఏడు వంతుల కొలతలో కనిపిస్తుంది. అది కూడా చదవదగినదే.

సగం కొలతలో ఇంగ్లిషు చదవడం వేరు, తెలుగు చదవడం వేరు. మన లిపిలో ముఖ్యమైన సంగతులన్నీ అక్షరం కిందా పైనా చిన్న చిన్న గీతల్లో దాగి ఉంటాయి. దకూ ధకూ తేడా అడుగున ఒక చిన్న గీత. యకూ మకూ తేడా తలకట్టు దగ్గరే. పాత పుస్తకంలో సిరా పలచబడి, స్కాన్ యంత్రం మరి కాస్త మింగి, ఆపైన ఫోను దాన్ని సగం చేస్తే, వత్తు ఉన్నదో లేదో ఊహించుకొని చదవవలసివస్తుంది. ఒక పద్యంలో నాలుగు చోట్ల అలా ఊహించవలసివచ్చాక ఎవరైనా ఫోను పక్కన పడేస్తారు. దీనికి మీ చత్వారం తోడయింది: చిన్న అక్షరం దగ్గరికి తెమ్మంటుంది, చత్వారం దూరం పెట్టమంటుంది. ఫోనుతో మీకు వచ్చిన ఇబ్బంది సరిగ్గా ఇదేనని నా అనుమానం.

మరి లాప్‌టాప్‌కు పెద్ద తెర ఉంది కదా అంటారేమో. అది పెద్దదే, కానీ అడ్డంగా పెద్దది. 16:9 నిష్పత్తిలో ఉన్న 14 అంగుళాల తెర ఎత్తు 17.4 సెంటీమీటర్లు, పైన మెనూ, కింద టాస్క్‌బార్ పోతే మిగిలేది పదిహేను. అందులో 21.6 సెంటీమీటర్ల నిలువు పుట పూర్తిగా పట్టాలంటే మళ్ళీ కుదించవలసిందే; కుదించకపోతే ప్రతి పుటనూ రెండు ముక్కలుగా చదవాలి. దీనికి తోడు కూర్చునే తీరు. ఒకటిన్నర కిలోల బరువును బల్ల మీద పెట్టి, మూత తెరిచి, నిటారుగా కూర్చుంటే ఆ భంగిమే మనల్ని ఆఫీసులోకి తీసుకుపోతుంది. "చదవబుద్ధి కాక" అని మీరు రాసిన మాటకు అర్థం ఇదేననుకుంటాను.

మీ ఉత్తరంలో మరో మాట నన్ను ఆపింది. మీ దగ్గర ఉన్న లాప్‌టాప్ కంపెనీది. బెంగళూరులో ఎంతోమంది "మా ఇంట్లో లాప్‌టాప్ ఉంది" అంటారు గానీ, అది ఉద్యోగం మానిన రోజున బ్యాగుతో సహా తిరిగి ఇచ్చేయవలసిన వస్తువు. సొంత ఫైళ్ళు అందులో పెట్టకూడదన్న నిబంధన, పెన్‌డ్రైవ్ పనిచేయకుండా బిగించిన తాళం, ఏ సైటు తెరిచామో చూసే ఏర్పాటు చాలా కంపెనీల్లో ఉంటాయి. ఆ లెక్కన మీకు సొంతమైన తెర ఒక్కటే, ఫోను. ఇంట్లోవారికి ఈ సంగతి చెప్పి చూడండి. అయితే ఇందులో మరో చిక్కు కూడా ఉంది: ఆదాయపు పన్ను రిటర్ను వేయడం, పిల్లల ప్రాజెక్టు టైపు చేయడం, ఉద్యోగం మారేటప్పుడు రెజ్యూమె దిద్దుకోవడం వంటి పనులకు కూడా మీరు కంపెనీ లాప్‌టాప్ మీదే ఆధారపడుతుంటే, ముందు కొనవలసింది మామూలు సొంత లాప్‌టాప్, ట్యాబ్ ఆ తరువాత. ట్యాబ్‌కు కీబోర్డు తగిలించి లాప్‌టాప్ చేసుకోవచ్చని దుకాణంలో చెబుతారు. నేను రెండేళ్ళు ఆ ప్రయత్నం చేశాను. మంచి కీబోర్డు కవరుకు పెట్టే డబ్బు, రెండూ కలిస్తే వచ్చే బరువు, ఒడిలో పెట్టుకుంటే వెనక్కి పడిపోయే తెర, ఎక్సెల్ షీటులో సగం పనిచేయని సౌకర్యాలు చూశాక, ఆ కీబోర్డును అలమారలో పెట్టేశాను.

నా మొదటి ట్యాబ్ కథ కూడా మీ ఆవిడ గారి వాదనకే బలమిస్తుంది. 2013లో అందరూ కొంటున్నారని 7 అంగుళాలది ఒకటి కొన్నాను. మొదటి నెల దినపత్రికలు చదివాను. రెండో నెల నుంచి అది పిల్లల కార్టూన్ల పెట్టె అయింది. ఆ తరువాత వంటింట్లో గట్టు మీదకు చేరి, వంటల వీడియోలు చూపిస్తూ శనగపిండి పూసుకుంది. చివరికి సొరుగులోకి పోయింది. 2019లో ఇల్లు మారేటప్పుడు సొరుగు లాగితే, దాని వీపు పూరీలా పొంగి, తెర ఒక మూల నుంచి లేచిపోయి ఉంది. లోపలి లిథియం బ్యాటరీ ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉండి ఉబ్బింది. అలా ఉబ్బినదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జింగు పెట్టకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. ఈ-వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వాలి. వాడకుండా దాచవలసివస్తే సగం చార్జిలో ఉంచి, రెండు మూడు నెలలకొకసారి చూసుకోవాలని నాకు తెలిసింది ఆ తరువాతే. 7 అంగుళాల ట్యాబ్ అలా మూలపడడానికి నా అశ్రద్ధ ఒక కారణమైతే, అది చేసే పనులన్నీ ఫోనే చేయగలగడం అసలు కారణం.

రెండోది 2021లో కొన్నాను. ఇది 11 అంగుళాలు. పత్రిక ప్రూఫులు దిద్దడానికి, పాత పుస్తకాలు చదవడానికి మాత్రమే. అందులో వాట్సాప్ లేదు, ఆటలు లేవు, యూట్యూబ్‌ను కూడా కనిపించకుండా చేశాను. ఇది నిగ్రహం అనుకోకండి. పది నిమిషాలకోసారి టింగుమనే వస్తువు మీద నేను ప్రబంధం చదవలేనని మొదటిదానితోనే తెలుసుకున్నాను. కొన్నవారిలో చాలామంది ట్యాబ్‌ను మరో పెద్ద ఫోనుగా మార్చుకొని, ఆ తరువాత అది దండగ అయిందని బాధపడతారు.

డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. రెండు వారాలపాటు, ఏమీ టైపు చేయకుండా కేవలం చదవడానికే లాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ, ఫోనులో పీడీఎఫ్ తెరిచి విసుగొచ్చి మూసేసిన ప్రతిసారీ, గోడ క్యాలెండరులో ఆ తేదీ దగ్గర ఒక గీత గీయండి. వారానికి నాలుగైదు గీతలు పడితే కొనండి. రెండు వారాలు కలిపి రెండే పడితే, మీకు కావలసింది ట్యాబ్ కాదు, తీరిక. అది దుకాణంలో దొరకదు.

మెట్రో విషయంలో మాత్రం పెద్దగా ఆశలు పెట్టుకోకండి. 2023 అక్టోబరులో బైయప్పనహళ్ళి, కె.ఆర్.పుర మధ్య ముక్క తెరిచి పర్పుల్ లైన్ పూర్తయ్యాక మీకు ఒకే బండిలో గంటసేపు చదువుకునే అవకాశం వచ్చిన మాట నిజమే గానీ, మెజెస్టిక్ దగ్గర ఎక్కే జనం మధ్య నిలబడి, ఒక చేత్తో పట్టీ పట్టుకొని, రెండో చేత్తో అర కిలో బరువున్న పలకను పట్టుకొని చదవడం నావల్ల కాలేదు. కూర్చునే చోటు దొరికిన రోజునే అది సాధ్యం. నిలబడ్డవారికి ఫోనే గతి. ట్యాబ్‌కు అసలు చోటు ఇంట్లో, రాత్రి భోజనమయ్యాక, వాలు కుర్చీలో. అప్పుడైనా దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకోకుండా ఒళ్ళో దిండు పెట్టుకొని దాని మీద ఆనించండి. మణికట్టు మీకు కృతజ్ఞత చెబుతుంది.

ఇక ఏది కొనాలన్నది. కంపెనీ పేరు చెప్పను. నెల తిరిగేసరికి మోడళ్ళు మారిపోతాయి. 10.5 అంగుళాలకు తక్కువ వద్దు. 13 అంగుళాలది పుటకు ఇంకా బాగుంటుంది గానీ బరువూ ధరా పెరుగుతాయి. 6 జీబీ ర్యామ్, 128 జీబీ నిల్వ ఉంటే స్కాన్ పుస్తకాలకు సరిపోతుంది. 4 జీబీతో కూడా మొదలవుతుంది గానీ, 200 ఎంబీల పీడీఎఫ్‌లో వేగంగా పుటలు తిప్పితే తెల్ల కాగితాలు కనిపిస్తూ ఉంటాయి. సిమ్ ఉన్న రకానికి అదనంగా పెట్టకండి. మీ ఫోను హాట్‌స్పాట్ చాలు, పైగా మీ పుస్తకాలన్నీ ముందే దింపినవి. ఆండ్రాయిడ్‌లో 20,000 నుంచి 30,000 రూపాయల మధ్య మీ పనికి సరిపోయేవి దొరుకుతాయి. దాని కన్నా చవకైనవాటిలో మొదట రాజీపడేది తెర నాణ్యతలోనే. మీరు డబ్బు పెట్టేదేమో ఆ తెర కోసమే. ఎన్నేళ్ళపాటు భద్రతా అప్‌డేట్లు ఇస్తారో రాతపూర్వకంగా చూసుకోండి. బెంగళూరు ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో వాడిన ట్యాబ్‌లు సగం ధరకు దొరుకుతాయి గానీ, అక్కడ కొంటే దాన్ని బల్ల మీద బోర్లా కాకుండా వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు మూలలూ వేలితో మెల్లగా తట్టి చూడండి. ఊగితే వీపు ఉబ్బడం మొదలైందన్నమాట.

కాగితంలా కనిపించే ఈ-ఇంకు తెర ఉన్న పరికరాలు కంటికి హాయిగా ఉంటాయని మీ మిత్రులు చెప్పవచ్చు. నిజమే, ఎండలో కూడా చదవవచ్చు. కానీ ఎక్కువగా అమ్ముడయ్యేవి 6, 7 అంగుళాలవి. స్కాన్ పుట వాటిలోనూ కుదించుకుపోతుంది, పెంచి జరపబోతే తెర నెమ్మదిగా కదులుతుంది. 10 అంగుళాలు దాటినవి మంచి ట్యాబ్ కన్నా ఖరీదు.

ప్రశ్న: మేము బి.టి.ఎం. లేఅవుట్‌లో ఉంటాము. మా అమ్మాయి పి.యు.సి. మొదటి సంవత్సరం సైన్సు. కోచింగువాళ్ళు నోట్సంతా పీడీఎఫ్‌లుగానే ఇస్తున్నారు. స్నేహితురాళ్ళు ట్యాబ్ మీద పెన్నుతో రాసుకుంటున్నారని తనకూ కావాలంటున్నది. ఇంట్లో డెస్క్‌టాప్ ఉంది, తనకు ఫోను ఉంది. కొనిపెట్టాలా?
(ఒక తల్లి, బి.టి.ఎం. లేఅవుట్)

జవాబు: అమ్మా, ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఏడాదికి మూడు వేల పుటల నోట్సు వస్తుందనుకోండి. జిరాక్సు దుకాణంలో పుటకు రెండు రూపాయలనుకున్నా ఆరు వేలు. రెండేళ్ళకు పన్నెండు వేలు. పెన్నుతో సహా పనికొచ్చే ట్యాబ్ దానికి రెట్టింపు పైనే అవుతుంది. కాబట్టి ఖర్చు కలిసొస్తుందని మాత్రం కొనకండి. కలిసొచ్చేది సంచి బరువు, వెతుకులాట: ఏ అధ్యాయం ఎక్కడుందో వేలితో తాకితే దొరుకుతుంది, మాస్టారు బోర్డు మీద చెప్పింది ఆ పీడీఎఫ్ పుట పక్కనే రాసుకోవచ్చు.

పెన్ను విషయంలో మోసపోయేవారు ఎక్కువ. వంద, రెండు వందలకు దొరికే రబ్బరు మొన పెన్ను వేలికి బదులుగా తెరను తాకుతుంది, అంతే. దానితో రాస్తుంటే అరచేయి ఆనిన చోటల్లా గీతలు పడతాయి, అక్షరం చేయి కదలిక కన్నా ఒక క్షణం వెనక నడుస్తుంది. రాతకు పనికొచ్చేది ఆ ట్యాబ్ కోసమే చేసిన పెన్ను. అది ఎంత గట్టిగా నొక్కుతున్నామో గ్రహిస్తుంది, తెరకు ఆనిన అరచేతిని పట్టించుకోదు. అన్ని పెన్నులూ అన్ని ట్యాబ్‌లకూ పనిచేయవు, పెన్ను కొన్నిసార్లు పెట్టెలో ఉండదు, విడిగా కొనాలి. అమ్మాయిని దుకాణానికి వెంట తీసుకువెళ్ళి, ప్రదర్శనకు పెట్టిన ట్యాబ్ మీద ఒక రసాయన సమీకరణం మొత్తం రాయమనండి. అరచేయి ఆనించే రాయమనండి. ఆ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

చదువు కోసమని బాగా చవకైన ట్యాబ్ తీసుకోవద్దని చెప్పడానికి మన దేశంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం ఆకాశ్ అనే 7 అంగుళాల ట్యాబ్ విడుదల చేసింది. ఉద్దేశం గొప్పది. కానీ 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ స్పందించని తెర ఉన్న ఆ పరికరం మీద పాఠం తెరుచుకునేలోపు పిల్లవాడి ఓపిక అయిపోయేది. ధర తగ్గించేటప్పుడు ఎక్కడ కోత పడుతుందో అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదు.

నా సలహా: నోట్సు ట్యాబ్‌లో చదవనివ్వండి, పక్కన రాసుకోనివ్వండి, లెక్కలూ సమస్యలూ మాత్రం కాగితం మీదే చేయించండి. బోర్డు పరీక్ష మూడు గంటలసేపు కాగితం మీద పెన్నుతో రాయాలి. నున్నటి అద్దం మీద రాయడానికి అలవాటుపడిన చేతికి మూడో గంటలో నొప్పి పుడుతుంది, తప్పు రాస్తే వెనక్కి తీసుకునే మీట కూడా అక్కడ ఉండదు. రెండో సంవత్సరం మొదలయ్యేదాకా ఆగి కొన్నా నష్టం లేదు. ఈలోపు తన అవసరం ఎంత నిజమో మీకూ తెలుస్తుంది, తనకూ తెలుస్తుంది.

ప్రశ్న: ప్రొద్దుటూరులో ఉండే మా నాన్నగారికి 74 ఏళ్ళు. ఫోనులో వీడియో కాల్ చేస్తే ముఖాలు కనపడడం లేదంటారు. ట్యాబ్ కొని పంపమంటారా?
(ఒక పాఠకుడు, మారతహళ్ళి)

జవాబు: పంపండి. పెద్దవారికి, ఫోను తెర చాలనివారికి అది బాగా ఉపయోగపడుతుంది. మా నాన్నగారితో "మీకు ట్యాబ్లెట్ తెస్తున్నాను" అంటే, "బీపీదా, షుగరుదా?" అని అడిగారు, ఇప్పుడు పొద్దున్నే ఈ-పేపరు చదివేది అందులోనే.

పోస్టులో పంపకుండా మీరే తీసుకువెళ్ళి రెండు రోజులు దగ్గరుండి నేర్పండి. వాట్సాప్‌ను ఆయన ఫోను నంబరుతోనే ట్యాబ్‌కు జతచేయవచ్చు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఈ సదుపాయం 2023 నుంచి ఉంది, ఐప్యాడ్‌కు 2025 మేలో వచ్చింది. అయితే అసలు ఫోనును 14 రోజులకు మించి వాడకపోతే జతచేసినది తెగిపోతుంది. ట్యాబ్ వచ్చింది కదా అని నాన్నగారు ఫోనును బీరువాలో పెట్టేస్తే, పక్షం రోజుల తరువాత "ఇది పనిచేయడం లేదు" అని మీకే ఫోను వస్తుంది, అదీ అమ్మగారి ఫోను నుంచి. బ్యాంకు, యూపీఐ యాప్‌లు ట్యాబ్‌లో పెట్టకండి. అవి బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ అదే పరికరంలో ఉండాలని అడుగుతాయి గనుక సిమ్ లేని ట్యాబ్‌లో ఎలాగూ నడవవు. నడిచినా, మనవలు కూడా తాకే వస్తువులో అవి ఉండకపోవడమే మంచిది. బల్ల మీద నిలబెట్టే బరువైన స్టాండు ఒకటి కొనండి. చేత్తో పట్టుకొని మాట్లాడితే మీకు కనిపించేది ఆయన నుదురూ సీలింగు ఫ్యానూ మాత్రమే.

ప్రశ్న: చామరాజపేటలో తెలుగు, కన్నడ డీటీపీ (కంప్యూటరులో అచ్చు పుటలు కూర్చే) పని చేస్తాను. పాత లాప్‌టాప్ పాడవుతున్నది. దాని బదులు మంచి ట్యాబ్ తీసుకుంటే అటు పనికీ, ఇటు ప్రూఫులకూ సరిపోతుందా?
(ఒక పాఠకుడు, చామరాజపేట)

జవాబు: పనికి సరిపోదు, ప్రూఫులకు బ్రహ్మాండంగా సరిపోతుంది. మీరు పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లతో కంపోజు చేస్తుంటారని అనుకుంటున్నాను. తెలుగు అచ్చు పని ఇంకా చాలావరకు అలాగే నడుస్తున్నది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తరువాత కొత్త వెర్షను రాలేదు, ట్యాబ్‌ల కోసం ఎన్నడూ రాలేదు. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని యంత్రాలూ గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) కావు. ఆ పాఠాన్ని మామూలు యాప్‌లో అతికిస్తే తెలుగు బదులు రోమన్ అక్షరాలూ విరామ చిహ్నాలూ కలగలిసి కనిపిస్తాయి. కాబట్టి విండోస్ యంత్రం మీకు తప్పదు. బడ్జెట్ ఒకదానికే ఉంటే లాప్‌టాప్ బాగుచేయించుకోండి, లేదా అదే కొనండి.

ప్రూఫులకు ట్యాబ్ కొనే స్తోమత వచ్చినప్పుడు మాత్రం వెనకాడకండి. నేను నాలుగేళ్ళుగా ఎర్ర పెన్ను కొనలేదు. పీడీఎఫ్ మీదే గుర్తు పెట్టి పంపుతాను; కంపోజ్ చేసే అబ్బాయి పక్క తెర మీద దాన్ని తెరిచి దిద్దుకుంటాడు, నా చేతిరాత అర్థం కాలేదన్న ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. పీడీఎఫ్ తయారుచేసేటప్పుడు ఫాంట్లను అందులో పొందుపరిచే ఎంపిక పెట్టారో లేదో ఒకసారి చూసుకోండి. అది మరిచిపోతే మీ యంత్రంలో చక్కగా కనిపించిన పుట ట్యాబ్‌లో తెరిచేసరికి డాలర్లూ బ్రాకెట్లూ అయి కూర్చుంటుంది, రచయిత రాత్రి పదకొండింటికి మీకు ఫోను చేస్తాడు.